చెరువులో కనకాంబరాలు

ఆగస్టు 9

పూజిత వాళ్ళ కంపెనీలో కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ గూట్లో పడి ఉంది. నిన్న శ్రీ సిటీ బస్సెక్కేముందు తీసి, దుమ్ము దులిపి నా చేతిలో పెట్టింది. "రాసుకో మా, గోడలతో మాట్లాడే బదులు" అంది. నేను గోడలతో మాట్లాడను. తోటలో కనకాంబరం చెట్లతో మాట్లాడతాను. అది వేరు.

పొద్దున పూల బుట్ట ఆటోకెక్కించడానికి పోతే పాలకేంద్రం దగ్గర ఒకటే గుంపు. కాలువ నీళ్ళు మన చెరువుకు వస్తున్నాయట. పూజిత నా కడుపులో ఉన్నప్పుడు మొదలైంది ఈ మాట. అది పుట్టింది, నడిచింది, చదివింది, హాస్టల్లో ఉండి ఉద్యోగం కూడా చేస్తోంది. నీళ్ళు ఇంకా దారిలోనే ఉన్నాయి. నవ్వుకుంటూ ఇంటికొచ్చేశాను.

ఆగస్టు 12

నిజంగానే వస్తున్నాయట.

ఆగస్టు 13

జీపులో వచ్చారు. "చెరువు లోపల సాగు చేస్తున్నవాళ్ళు వెంటనే ఖాళీ చేసుకోవాలి" అని మైకులో చెప్పుకుంటూ పోయారు. చెరువు లోపలట! నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ అందులో గుక్కెడు నీళ్ళు నిలవగా చూడలేదు. తుమ్మ కంపలు కొట్టి, రాళ్ళేరి, ఆయనా నేనూ తోట చేసుకున్నాం. మా తోటకు పల్లపు పక్కన మరిది దామోదరం టమాటా వేసుకున్నాడు. ఇంకా కిందికి, కట్ట దాకా ఇంకొన్ని కుటుంబాలు. కట్ట అవతల భూములున్నవాళ్ళకు పట్టాలున్నాయి, మాకు లేవు. అడిగేవాళ్ళు లేక మాదే అనుకున్నాం. అనుకుని అనుకుని నిజమైపోయింది.

ఆయన్ని కూడా అక్కడే పెట్టాం. మా వాళ్ళలో సొంత చేలోనే సమాధి చేస్తారు. తుమ్మచెట్టు కింద, మధ్యాహ్నం సంగటి తిని నడుం వాల్చే చోటే పెట్టాం. రెండేళ్ళు కావస్తోంది.

జీపు వాళ్ళకు ఆ సంగతి తెలియదు. చెబుదామంటే ఆ మైకు ఆగితే కదా.

ఆగస్టు 17

ఊరికే గుర్తొచ్చి రాస్తున్నాను. ఇక్కడైతే ఆయన పేరు కూడా రాయవచ్చు. చంద్రమౌళికి ఒక పిచ్చి ఉండేది. నెత్తి మాడే ఎండలో పూలు కోస్తూ కోస్తూ ఆగిపోయి, "మే పంకజా, నువ్వు నిలబడుకున్న చోట నీళ్ళు మోకాళ్ళ దాకా వస్తాయి, తెలుసునా?" అనేవాడు. చిన్నప్పుడు ఆ చెరువులోనే ఈతలు కొట్టిన మనిషి. నాకు మట్టి కనబడే చోట ఆయనకు నీళ్ళు కనబడేవి.

తోట మొదట్లో వేపచెట్టు దగ్గర చీలమండ లోతు. మొదటి సాళ్ళలో మోకాళ్ళు. బండరాయి దగ్గర నడుము. బోరు దగ్గర గొంతు. అక్కడికి రాగానే మెడ పైకెత్తి, గాలిలో చేతులాడించి ఈత కొట్టి చూపించేవాడు. "ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, సిగ్గు లేదా నీకు" అని తిట్టేదాన్ని. "నీళ్ళు రానీ, నీకూ నేర్పిస్తా" అనేవాడు. "వచ్చినప్పుడు చూద్దాం లే" అనేదాన్ని.

తుమ్మచెట్టు దగ్గర ఎంత లోతని చెప్పాడో అది రాయను.

ఆగస్టు 19

కల వచ్చింది. తోటంతా నీళ్ళ కింద ఉంది. కనకాంబరాలు మాత్రం ఎప్పటిలాగే పూసి ఉన్నాయి. గాలికి కాకుండా నీళ్ళకు ఊగుతున్నాయి. నేను వంగి కోస్తున్నాను, కొంగు తడవడం లేదు. పైన ఎక్కడో ఎండ ఉన్నట్టుంది, దాని వెలుగు నా చేతుల మీద కదులుతోంది. ఆయన గొంతు లోతులో నిలబడి "ఆ సాలు మర్చిపోయినావు మే" అంటున్నాడు.

లేచాక కూడా కాసేపు ఒళ్ళు చల్లగా ఉంది. మంచి కలో చెడ్డ కలో ఎవర్నడగాలి?

ఆగస్టు 23

వచ్చాయి.

ఊరంతా పోయింది. డప్పులు, కొబ్బరికాయలు, హారతులు. నేను పోదలచుకోలేదు. హారతికి పూలు కావాలని పక్కింటి మునెమ్మత్త మనవరాలిని పంపింది కాబట్టి పూలివ్వడానికి పోయాను.

ఉరుకుతూ వస్తాయనుకున్నాను. అలా రాలేదు. ఎర్రగా, పుల్లా పుడకా ముందుకు తోసుకుంటూ, పాత ఊరికి తిరిగొచ్చిన ముసలమ్మ ఇల్లు వెతుక్కున్నట్టు మెల్లగా వచ్చాయి. నెర్రెల్లోకి దిగుతున్నప్పుడు బుడబుడమని చిన్న చప్పుడు. జనం మధ్యలో కూడా ఆ చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. కట్ట కింద అందరికంటే ఎక్కువ భూమి ఉన్న తులసీరాం తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. మునెమ్మత్త చెప్పులు విడిచేసి నీళ్ళలో నిలబడి గంతులేసింది. డెబ్భై ఏళ్ళ మనిషి, చీర మోకాళ్ళ దాకా ఎత్తి!

"రామ్మే పంకజా, కాళ్ళు పెట్టు" అని నన్ను కూడా లాగింది. ఆమె లాగింది కాబట్టే పెట్టాను.

ఆగస్టు 27

చవితి. ఉండ్రాళ్ళు చేశాను. తినడానికి నేనొక్కదాన్నే.

నీళ్ళు కట్ట దగ్గరి పల్లంలో నిలిచాయి. అక్కడున్న రాగి చేలు రెండూ మునిగాయి. మా వైపు రావడానికి చాలా ఎత్తుంది. దామోదరం టమాటా దాటి రావాలి కదా, రావు.

ఆగస్టు 30

పొద్దున్నే పూలు కోశాక కట్ట మీదికి పోయి వస్తున్నాను. ఎంత వరకు వచ్చాయో చూసుకోవాలి కదా, నష్టం మనది.

తెల్లవారుజామున నీళ్ళ మీద పొగలాంటిది ఉంటుంది. సూర్యుడు వచ్చేదాకా కదలదు. అవతలి గుట్ట తలకిందులుగా లోపల ఉంటుంది. తెల్ల కొంగలు దిగాయి, ఎవరు చెప్పారో వాటికి. పూజితను శ్రీ సిటీలో చేర్పించిన రోజు ఆయన మమ్మల్ని పులికాట్ చూడ్డానికి తీసుకుపోయాడు. బస్సు దిగగానే బిడ్డ కంటే ముందు తనే నీళ్ళ దగ్గరికి పరుగెత్తాడు. పడవల వాళ్ళు చేపలు దించుకుంటుంటే ఒడ్డున నిలబడి, "మన చెరువు ఇట్లే మెరిసేది మే" అన్నాడు. చేపల కంపుకు నేను ముక్కు మూసుకుని ఉన్నాను. సరిగ్గా వినలేదు.

నష్టం చూసుకోవడానికే పోతున్నాను. గంటసేపు పడుతుంది.

సెప్టెంబరు 2

మునెమ్మత్త బావిలోకి నీళ్ళొచ్చాయి. ఆమె బావి కట్ట కిందే ఉంది. కప్పలు అరుస్తుంటే తొంగి చూసిందట. ఊళ్ళో వాళ్ళనందరినీ పిలిచి పెళ్ళికూతుర్ని చూపించినట్టు చూపిస్తోంది. నన్ను కూడా పిలిచింది. పోయి తొంగి చూశాను. అడుగున గుండ్రంగా ఆకాశం, అందులో మా ఇద్దరి తలకాయలు.

"మా మనవడికి పిల్లనిస్తామని కబురు పంపినారు మే," అని చెవిలో చెప్పింది. "మొన్నటి దాకా బిందెలు మోసే ఊరికి బిడ్డనియ్యమని మొకం మీదే చెప్పినోళ్ళే."

కార్లలో ఎవరెవరో వచ్చి కట్ట కింద భూములు చూసుకుని పోతున్నారు. నాట్లకు కూలీలు కావాలని తులసీరాం ఇప్పటి నుంచే ఆడవాళ్ళకు చెప్పుకుంటున్నాడు. బెంగుళూరులో వాచ్‌మన్ పనికి పోయినవాళ్ళు ఇద్దరు ఇంటికి వచ్చేశారు. నీళ్ళకు అవతల ఊరంతా సందడి. ఇవతల మా నాలుగు కుటుంబాలం వంకర మొహాలేసుకుని తిరుగుతున్నాం. ఎదురైతే వాళ్ళు మాట తగ్గించి మాట్లాడుతున్నారు, చావు జరిగిన ఇంటి వాళ్ళతో మాట్లాడినట్టు.

మునెమ్మత్త మీద నాకు కోపం రావాలి. రావడం లేదు. ఆ బావిలో ఆకాశం బాగుంది.

సెప్టెంబరు 4

దామోదరం టమాటా మునిగింది. కాయలు పచ్చివే కోసుకుని ఒడ్డున కుప్ప పోశాడు. కుప్ప పక్కనే కూర్చుని చీకటి పడేదాకా లేవలేదు.

మా తోటకు రావు. మాది ఇంకా మెరక.

సెప్టెంబరు 6

తుమ్మచెట్టు నీడ నీళ్ళలో పడుతోంది.

సెప్టెంబరు 7

పొద్దున పూజిత ఫోను. "మా, నాయన సమాధి దగ్గర మట్టి ఇంత తీసుకొచ్చి ఇంటి దొడ్లో పెట్టుకుందాం. శుక్రవారం లీవు పెట్టి వస్తా" అంది. అలాగే అన్నాను. మళ్ళీ తనే, "నా రూమ్మేటు వాళ్ళ ఊరికి కూడా నీళ్ళు పోతాయంట మా, రాత్రంతా అదే కథ చెప్తాంది" అని ఆగిపోయింది. బిడ్డ సంతోషపడబోయి నా కోసం ఆపుకుంది. ఫోను పెట్టాక నాకు ఏడుపొచ్చింది.

మాపటేల దామోదరం వచ్చాడు. నీళ్ళిస్తే తాగలేదు.

"వదినా, బుధవారం ఊరంతా ట్రాక్టర్లెక్కి కాణిపాకం పోతాండారు. ఊర్లో ఎవురూ ఉండరు. మేము ముగ్గురం తూము ఎత్తేస్తాం. ఎత్తి, మళ్ళా దించేదానికి లేకుండా ఆ చక్రం పగలగొడతాం. ఒక్క పగటికే సగానికి సగం వంకలోకి పోతాయి. ఆ తర్వాత కాలువ వాళ్ళు నీళ్ళు పక్క చెరువుకు తిప్పేస్తారు, ఈ యేటికి ఇంక రావు. పాత తూము, ఇరిగిపోయింది అంటే అయిపాయ."

"మునెమ్మత్త బావో?" అన్నాను.

"మునెమ్మత్త నీకు అన్నం పెడతాదా? అన్న ఆడ మునిగిపోతాంటే నేను సూస్తా ఉండాల్నా? నువ్వు ఊ అను వదినా. అన్న పెండ్లానివి. నువ్వు ఊ అంటే నాకు తప్పనిపించదు."

నేను ఊ అనలేదు. దామోదరం చెబుతుంటే మధ్యలో ఊఁ కొట్టానంతే. వినేటప్పుడు ఎవరైనా ఊఁ కొడతారు.

సెప్టెంబరు 8

పూలు కోశాను. కట్ట మీదికి పోలేదు.

సెప్టెంబరు 9

పోయాను. పోకుండా ఉంటే ఏదో మర్చిపోయినట్టుంది రోజంతా.

తూము చక్రం తుప్పు పట్టి ఎర్రగా ఉంది. చేత్తో తాకి చూశాను. రేపీపాటికి ఇక్కడ బురద ఉంటుంది, చచ్చిన చేపపిల్లలు ఉంటాయి. తోట ఉంటుంది. తుమ్మచెట్టు ఉంటుంది. నాకు కావలసింది అదే కదా. అదే.

కొంగలు ఎక్కడికి పోతాయి?

సెప్టెంబరు 10

ట్రాక్టర్లు తెల్లవారకముందే పోయాయి. మునెమ్మత్త వాకిట్లోకొచ్చి పిలిచింది, తలనొప్పని చెప్పాను. నాకేమీ తలనొప్పి లేదు. పూలు కోసి, బుట్ట నింపి, దారపు ఉండ తీసుకుని కట్ట మీదికి పోయి, తూము చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాను. ఎందుకక్కడే కూర్చున్నావంటే, గాలి బాగుంటుంది.

ఎండ నీళ్ళ మీద పడి పైకి లేచి నా మొహం మీద ఆడుతోంది. ఊళ్ళో మనిషి అలికిడి లేదు. పూలు కడుతూ కడుతూ నేనెక్కడున్నానో మర్చిపోయాను. ఒకసారి తల ఎత్తితే చెరువు నిండా ఆయన కనబడ్డాడు. కనబడ్డాడు అంటే మనిషిగా కాదు. ఆయన చెప్పిన ప్రతి మాటా అక్కడ నీళ్ళై నిలబడి ఉంది.

దామోదరం ఇంకో ఇద్దరితో గడ్డపార తీసుకుని వచ్చాడు.

"కాణిపాకం పోలేదా వదినా?"

"పూలు కట్టాల."

"ఈడా?"

"గాలి బాగుండాది."

నా వెనక చక్రం చూశాడు, నన్ను చూశాడు. అర్థమైంది. "లెయ్ వదినా. పొద్దు పోతాంది. నీళ్ళు అన్న కాళ్ళ కాడికి వచ్చేసినాయి. ఇంగో రెండు దినాలు ఆగితే నువ్వే నన్ను తిడతావు."

"దామూ, ఆ తుమ్మచెట్టు కాడ ఎంత లోతు?"

తుమ్మచెట్టు వైపు తిరిగాడు.

"నీకు తెలుసు, చెప్పు."

"ఇద్దరు మగాళ్ళ లోతు," అన్నాడు చివరికి. "అన్న నాకు ఈత నేర్పించింది ఆడే. నేను మునిగిపోతాంటే జుట్టు పట్టుకోని పైకి లాగినాడు." గడ్డపార ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "మనం మర్చిపోయి ఆడ పెట్టినాం వదినా."

"మర్చిపోలేదు. నీళ్ళొస్తాయని నమ్మలేదు, నువ్వూ నేనూ. మీ అన్న ఒక్కడే నమ్మినాడు. దినామూ ఆ లోతులోనే పండుకోని నిద్రపోయినాడు."

వెనకున్నవాడు "ఆడమనిషితో మాటలేంది, పక్కకు జరిపితే సరిపాయ" అన్నాడు. దామోదరం వాడి మీదికి గడ్డపార ఎత్తాడు. "మా వదినరా ఆమె!" అని ఊరికి వినబడేట్టు అరిచాడు. వినడానికి ఊళ్ళో ఎవరూ లేరు. వాళ్ళిద్దరూ సణుక్కుంటూ పోయారు.

"మరి కడుపుకేం తింటావు వదినా? నేనేం తినాల?"

"తెలీదు. నాకు కోపం లేదనుకున్నావా? ఉండాది. మైకులో చెప్పి పోయినోళ్ళ మీద ఉండాది. మనతో ఒక్క మాటైనా అనకుండా నాట్లకు లెక్కలేసుకుంటాండే తులసీరాం మీద ఉండాది. ఈ పొద్దు సాయంత్రం ట్రాక్టరు దిగంగానే అడగతా, చెరువులో చేపలు పట్టుకునేది చేన్లు మునిగినోళ్ళకు ఇడిసిపెట్టమని. నువ్వు నా పక్కన నిలబడు. నీళ్ళ మీద మాత్రం నాకు కోపం రాలేదు దామూ. ఎంత తెచ్చుకున్నా రాలేదు."

గడ్డపార కింద పెట్టి, కొంచెం దూరంలో కట్ట మీద కూలబడి ఏడ్చాడు. యాభై ఏళ్ళ మనిషి. నేను ఊరుకోమనలేదు. పూలు కడుతూనే ఉన్నాను. బుట్ట మొత్తం ఒకటే దండ అయింది. అంత పొడుగు దండ ఏం చేసుకోను? సాయంత్రం తుమ్మచెట్టు దగ్గరికి పోయి సమాధి చుట్టూ వేశాను. అప్పటికే అక్కడ పాదాలు తడిశాయి.

సెప్టెంబరు 12

పూజిత వచ్చింది. మట్టికని ఇత్తడి చెంబు కూడా తెచ్చింది. ఇద్దరం ఒడ్డున నిలబడ్డాం. సమాధి రాయి పైభాగం మాత్రం కనబడుతోంది, దండ నీళ్ళ మీద తేలుతూ దాని చుట్టూ తిరుగుతోంది.

"పోయి తీసుకురానా మా?" అంది.

"వద్దు. ఆడే ఉండనీ."

చెంబుతో చెరువు నీళ్ళు ముంచుకుని ఇంటికి తెచ్చుకున్నాం.

సెప్టెంబరు 20

బోరు మునిగింది. మోటారు ముందే విప్పించాను. కింది సాళ్ళు పోయాయి. మిగిలినవి కోస్తున్నాను.

సెప్టెంబరు 24

చేపల సంగతి పెద్దమనుషులు సరే అన్నారు. కాగితం మీద ఇంకా పెట్టలేదు. పెట్టేదాకా తులసీరాం ఇంటి ముందు నుంచే నీళ్ళకు పోయి వస్తానని చెప్పాను, ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

సెప్టెంబరు 28

మునెమ్మత్త తన బావి పక్కన కాస్త నేల చూపించి "నీ కొమ్మలు తెచ్చి నాటుకోమ్మే" అంది. తూము దగ్గర జరిగింది ఆమెకు తెలుసో తెలియదో అడగలేదు. కొమ్మలు కత్తిరించడానికి నీళ్ళలో దిగాను. మోకాళ్ళ దాకా వచ్చాయి. చెట్ల మొదళ్ళు నీళ్ళలో, పూలు పైన. కలలోలాగా కొంగు తడవకుండా ఏమీ లేదు, నిలువునా తడిశాను.

అక్టోబరు 5

వాన.

అక్టోబరు 6

వాన.

అక్టోబరు 7

వాన. చివరి పూలు ఇవాళ కోశాను. గుప్పెడు. అమ్మలేదు, తలలో పెట్టుకుందామనుకుని ఆగిపోయి, ఆ చెంబులో వేశాను.

అక్టోబరు 19

మొరవ పారుతోంది. చెరువు నిండి నీళ్ళు దాని మీదుగా పొర్లి పోతుంటే చూడాలని ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. గంగమ్మకు చీర, పసుపు, గాజులు తీసుకుని ఆడవాళ్ళందరం పోయాం. చీర నీళ్ళలో విడిచేటప్పుడు "ముందు పంకజ చెయ్యి పెట్టాల" అంది మునెమ్మత్త. ఎందుకని ఎవరూ అడగలేదు. పెట్టాను.

అందరూ పోయాక మా తోట వైపు నడిచాను. వేపచెట్టు దగ్గర నీళ్ళు సరిగ్గా చీలమండల దాకా ఉన్నాయి. మొదటి సాళ్ళు ఉండే చోటికి పోయాను, మోకాళ్ళు. బండరాయి మీద చెయ్యి ఆనించి నిలబడితే నడుము. అక్కడితో ఆగాను. నీళ్ళ గురించి ఆ మనిషి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఎర్రటి ఎండలో నిలబడి అంత నిజం చెబుతుంటే, సిగ్గు లేదా అని తిట్టాను.

దామోదరం చొక్కా విప్పి దిగాడు. వయసు మర్చిపోయి చేతులు బారుచాపుకుంటూ పోయాడు. తుమ్మచెట్టు తల ఒక్కటే పైన ఉంది, కొమ్మ మీద రెండు కొంగలు. దాని పక్కన మునిగాడు. నీళ్ళ మీద వలయాలు లేచి, పెద్దవై, నా నడుము దాకా వచ్చి తగిలాయి. ఎంతసేపటికో తల పైకి వచ్చింది.

"అందలేదు వదినా!" అని అరిచాడు. నవ్వుతున్నాడు. "అడుగు అందలేదు!"

నేను కూడా నవ్వాను. ఏడుస్తున్నాననుకుంటా, కానీ నవ్వాను కూడా.

ఇంటికి వచ్చేసరికి మునెమ్మత్త అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఎండిన సొరకాయ బుర్రలు రెండు, తాడు కట్టి. చిన్నప్పుడు ఆమె ఈత నేర్చుకున్నది అలాంటి బుర్రలు నడుముకు కట్టుకునేనట.

"నడుము దాకా దిగి నిలబడుకున్నావంట కదా, దామోదరం చెప్పినాడు. రేపు పొద్దున్నే రా మే, జనం లెయ్యకముందే. నీళ్ళొచ్చినాయి కదా, ఇంగేం సాకు?"

ఈ వయసులో నాకు ఈతేమిటత్తా అన్నాను. బుర్రలు మాత్రం లోపల పెట్టుకున్నాను. రేపు పోతాను.

మోకాళ్ళ లోతు దాకే.